కొండ దిగనన్న బస్సు

నా చిన్నప్పుడు మూడేళ్ళు మేము భూటాన్‌లో ఉన్నాం. మాది విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. ఎటు చూసినా బల్లపరుపు నేల, వరిచేలు, వాటి చివర ఇసుక, ఆపైన నీళ్ళు. భూటాన్ బడిలో లెక్కల మాస్టారు ఉద్యోగం దొరికిందని మా నాన్న అమ్మనూ నన్నూ ఆ కొండల దేశానికి తీసుకుపోయేనాటికి నాకు ఏడేళ్ళు. కొండ అంటే పుస్తకంలో బొమ్మ తప్ప నాకు తెలియదు.

వెళ్ళిన కొత్తలో రోజూ ఏడ్చాను. ఆ తరవాత ఎప్పుడో, నాకు తెలియకుండానే, ఆ ఊరు నాదైపోయింది. పొద్దున కిటికీ తీస్తే మబ్బు ఇంట్లోకి వచ్చేది. అమ్మ ఆరేసిన బట్టలు మళ్ళీ తడిసిపోయేవి. అమ్మ విసుక్కుంటుంటే నేను చేతులు చాచి ఆ మబ్బులో నిలబడేదాన్ని. ఇళ్ళ కప్పుల మీద మిరపపళ్ళు ఎండబోసే రోజుల్లో ఎదుటి కొండ నుంచి చూస్తే ఊరు ఊరంతా ఎర్రగా కనబడేది. నాన్న మాత్రం ఎర్ర బియ్యపు అన్నం కలుపుకున్నప్పుడల్లా మా మొలగొలుకుల బియ్యాన్ని తలచుకుని నిట్టూర్చేవాడు.

మేమున్న ఇల్లు ఒక పెద్దావిడది. కింద ఆవులు, మధ్యలో మేము, పైన ఆవిడ. ఊరంతా ఆవిడను ‘ఆమా’ అని పిలిచేవారు. వాళ్ళ భాషలోనూ అమ్మ అనే అర్థం. ఆవిడ ఇచ్చే టీలో ఉప్పూ వెన్నా ఉండేవి. మొదటిసారి పుక్కిట పట్టలేక ఉమ్మేశాను. రెండో ఏటికల్లా నేనే మెట్లెక్కి వెళ్ళి అడిగి తాగేదాన్ని. వాళ్ళ భాష నాకు ఆ పొయ్యి దగ్గరే వచ్చింది.

బళ్ళో నాకొక స్నేహితురాలు ఉండేది. మా ఇంటికి పైన, కొండ వాలులో వాళ్ళ ఇల్లు. సముద్రం గురించి ఎంత చెప్పినా తనకు చాలేది కాదు. చూపిద్దామని ఒక సాయంత్రం బళ్ళో నాన్న గదిలోంచి గ్లోబు బయటికి తెచ్చాను. ఊరి మొత్తానికి ఉన్నది ఆ ఒక్కటే. బడి వెనక గోడ మీద పెట్టి మా నెల్లూరు సముద్రం ఎక్కడుందో వెతుకుతుంటే నా చెయ్యి జారింది. గ్లోబు గడ్డిలో దొర్లి, రాయికి తగిలి ఎగిరి, మళ్ళీ దొర్లి, చూస్తుండగానే కింద ఏట్లో పడిపోయింది.

మర్నాడు నాన్న అడిగితే నేను నా స్నేహితురాలి వైపు చూపించాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. మాస్టారి కూతుర్ని కదా, నా మాటే నిలిచింది. తను కాదని కూడా అనలేదు. నాన్న వేసిన శిక్షకు నెల రోజులు బడికి ఊట దగ్గర నుంచి బిందెతో నీళ్ళు మోసింది. ఆ నెలా, ఆ తరవాతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు నాన్న ఉద్యోగ కాలం పూర్తయింది. వారానికి రెండుసార్లు వచ్చే బస్సు ఆ రోజు మా కోసం ఇంటి ముందే ఆగింది. నాన్న ప్రార్థన చేశాడు. ఊరివాళ్ళు మా మెడల్లో తెల్లటి కండువాలు వేశారు. ఒకరు గుడ్లు తెచ్చారు, ఒకరు ఎండిన ఆపిల్ ముక్కలు. నా స్నేహితురాలు మాత్రం రాలేదు. డ్రైవరు బస్సు తీయబోయాడు. ఇంజను గుర్రుమని ఆగిపోయింది. రెండోసారీ అంతే. అమ్మకు రైలు తప్పిపోతుందని గాభరా మొదలైంది.

డ్రైవరు ఆమాకు తమ్ముడి వరస. కిందికి దిగి ఆవిడతో ఏదో అన్నాడు. ఆమా బస్సెక్కి అందరికీ వినపడేటట్టు చెప్పింది.

“మాట దాచుకున్న మనిషి లోపలుంటే ఈ బస్సు కొండ దిగదు. ఎవరి దగ్గరుందో బయట పెట్టండి.”

ముందు సీటు ముసలాయన లేచి, పక్కవాళ్ళ చేలో మొక్కజొన్న కంకులు విరుచుకున్నానని చెప్పి దండం పెట్టాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమా నా వైపు చూడను కూడా లేదు. నేనే నాన్న చొక్కా పట్టుకున్నాను.

“గ్లోబు నేనే పడేసినాను నాన్నా. ఆ పిల్ల కాదు.”

“ఏందమ్మా నువ్వు చెప్పేది? ఆ పిల్ల చేత నెల రోజులు నీళ్ళు మోయించినాను గదా!”

నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని బస్సు దింపి, కొండ ఎక్కించాడు. ఆయాసపడుతున్నా ఎక్కడా ఆగలేదు. నా స్నేహితురాలు ఇంటి కప్పు మీద మిరపపళ్ళు తిరగేస్తోంది. నేను కింద నిలబడి జరిగింది ఒప్పుకున్నాను. వాళ్ళ అమ్మా నాన్నా బయటికి వచ్చారు. వాళ్ళ ముందే మా నాన్న తలెత్తి, “తప్పు నాది కూడా. నిన్ను అడగకుండా శిక్ష వేశాను. నన్ను క్షమించు తల్లీ” అని ఆ పదేళ్ళ పిల్లకు చేతులు జోడించాడు. మాస్టారు పిల్లకు చేతులు జోడించడం నేను చూడటం అదే మొదటిసారి.

తను నిచ్చెన దిగి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

“సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని చెప్పావే, అదన్నా నిజమేనా?”

నిజమే అన్నాను. తను తలాడించి, “సరే పో, మీ బస్సు పోతుంది” అంది. నవ్వలేదు మాత్రం. మేము దిగి వచ్చేసరికి ఇంజను మోగుతూ ఉంది.

కనుమ దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఎర్రటి కప్పులు మబ్బులో ఒక్కొక్కటే మునిగిపోయాయి. మళ్ళీ బస్సెక్కేటప్పుడు ఆమా తనతో అన్న మాట నాన్న అప్పుడు మెల్లిగా చెప్పాడు. గ్లోబు దొర్లిపోవడం ఆవిడ బడి వైపున్న తన పై కిటికీలోంచి చూసిందట. నీళ్ళ శిక్ష సంగతి వినగానే నాన్నకు చెప్పెయ్యాలనుకుని, నా అంతట నేనే చెబుతానేమోనని ఎదురు చూసిందట. ఇక ఎదురు చూసేందుకు రోజులు లేవు కాబట్టి డ్రైవరుతో చెప్పి బస్సును ఆపించిందట. ఉప్పు టీ తాగుతూ ఆవిడ పక్కన కూర్చున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. తెలిసి కూడా ఆవిడ ఒక్కనాడూ టీ తగ్గించి పోయలేదు.

నేనూ టీచరునయ్యాను. అల్లూరు, సూళ్లూరుపేట, మరికొన్ని ఊళ్ళు తిరిగి ఇప్పుడు విడవలూరులో స్థిరపడ్డాను. మళ్ళీ ఆ కొండలకు వెళ్ళలేదు. బళ్ళో ఏది పగిలినా, ఎవరు చేశారని పిల్లలందరి ముందూ ఎన్నడూ అడగలేదు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, వాళ్ళు చెప్పేదాకా ఓపిక పట్టాను. ప్రతి బదిలీకీ సామాను సర్దేశాక ఒక పూట మిగుల్చుకునేదాన్ని, నా వల్ల నొచ్చుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడానికి. సూళ్లూరుపేటలో నాలుగేళ్ళుగా మాటల్లేని పక్కింటావిడ, “ఇప్పుడా అక్కా వచ్చేది, పోయే రోజునా?” అని కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలోనే నిలబెట్టి పంపినవాళ్ళున్నారు, తలుపు తీయనివాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం చెప్పవలసింది చెప్పకుండా ఏ ఊరూ వదల్లేదు.