యూరప్ గెలవాలని చేసిన ప్రార్థన

బహ్రెయిన్‌లో ఉన్న రోజుల్లో ఒక శుక్రవారం నేను మా తెలుగు చర్చి ఆరాధనలో లేచి నిలబడి, యూరప్ కోసం ప్రార్థన చెయ్యమని అడిగాను. అడిగాకగానీ తెలియలేదు, అలాంటి మనవి అక్కడ ఎవ్వరూ ఎప్పుడూ చెప్పలేదని.

అది తొంభైల చివర. మహూజ్‌లో ఒక జర్మనీ కుటుంబం దగ్గర వంటా, ఇంటిపనీ నావి. మా ఆయన సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉండి కట్టుబడి పనికి వెళ్ళేవారు. ఒకే దేశంలో ఉన్నా మేమిద్దరం కలిసేది శుక్రవారం ఆరాధన దగ్గరే. అది అయ్యాక క్యాంపు బస్సు వచ్చేదాకా బయట మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ముప్పావుగంట. నేను వండి తెచ్చింది ఆయన తినేవారు, నేను చూస్తూ ఉండేదాన్ని. మా కాపురమంతా అంతే. తక్కువైందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాత్రం కూడా లేనివాళ్ళు మా సంఘంలో ఎంతమందో!

మా సార్ కంప్యూటర్ల మనిషి. ఏ ఫ్యాక్టరీకి ఏ విడిభాగం కావాలన్నా, అది ఏ దేశంలో ఏ గోడౌన్‌లో ఉందో కంప్యూటర్లో వెతికి చూపించే పద్ధతి ఒకటి తయారుచేశారు. దానిమీద సొంత కంపెనీ పెట్టాలని ఆయన ఆశ. ఎక్కడ పెట్టాలన్నదే ఇంట్లో గొడవ. మేడంకి జర్మనీలోనే పెట్టాలని. అక్కడైతే కంపెనీ నిలదొక్కుకునేదాకా సార్ వస్తూ పోతూ ఉంటారు, మేడం ఇక్కడ స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ఉంటారు, ఇల్లుంటుంది, నేనూ ఉంటాను. అమెరికా అయితే అందరూ ఒక్కసారే సామాన్లు సర్దేస్తారు. నా వీసా సార్ పేరు మీద ఉంది, నాకు పూచీ ఉండే కఫీల్ ఆయనే. ఆయన మొత్తానికి వెళ్ళిపోతే నా వీసా ఖలాస్. మా ఆయన కాంట్రాక్టేమో ఇంకా రెండేళ్ళు.

నాది బడి చదువు కాదు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని బైబిల్లోంచి అక్షరాలు నేర్పింది. అందుకని ఈ సంగతులన్నీ మేడం నా పక్కన కూరగాయలు తరుగుతూ చెబితే తెలిసినవే.

"మావాళ్ళకి తెలివి లేకనా? చూస్తూ ఉండు, యూరపంతా కలిసి ఒకే డబ్బు తెచ్చుకుంటున్నాం," అనేవారు.

"డబ్బు ఒకటే అవుతుంది. భాషలూ చట్టాలూ ఎక్కడివక్కడే!" అని సార్ అవతలి గదిలోంచి అరిచేవారు.

ఈ గొడవ నడుస్తుండగానే ఆ శుక్రవారం నేను లేచి నిలబడ్డాను. సార్ అర్జీ పెట్టుకున్న జర్మనీ బ్యాంకు ఆయనకి అప్పివ్వాలని, యూరప్‌లో కంప్యూటర్ కంపెనీలు అమెరికాలో కన్నా బాగా నడవాలని ప్రార్థించమన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమన్నారు.

"ఏంటి వదినా, మొన్నటిదాకా మోకాళ్ళ నొప్పులకి చెయ్యమన్నావు, ఇప్పుడు ఖండాలకి ఎగబాకావే!"

"అమెరికావాళ్ళు నీకేం అన్యాయం చేశారమ్మా పాపం?"

పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వలేదు. "నీకేం కావాలో అది అడుగు తల్లీ. ప్రభువుకి దారి చూపించకు," అన్నారు.

నా మొగుడున్న దేశంలో నేనుండాలి అయ్యగారూ అని అంతమందిలో ఎలా చెప్పను? కూర్చుండిపోయాను. కానీ ఆ తర్వాత బుధవారం బుధవారం ఉపవాసం ఉన్నాను, ఆ బ్యాంకు మనసు కరగాలని.

చాన్నాళ్ళకి బ్యాంకు ఉత్తరం వచ్చింది. కంపెనీ మూడేళ్ళ లెక్కలు పంపమనీ, మేడం వాళ్ళమ్మగారి ఇల్లు హామీ పెట్టమనీ. "కంపెనీ ఇంకా పుట్టనేలేదు, దానికి మూడేళ్ళ లెక్కలట!" అని మేడం పగలబడి నవ్వారు. ఆఖరి పేరా చదివాక నవ్వు ఆగిపోయింది. సార్ కుర్రతనంలో ఒక చిన్న కంపెనీ పెట్టి, నష్టమొచ్చి మూసేశారట. అది మచ్చలా రాసుకుని ఉంచారు బ్యాంకువాళ్ళు.

తర్వాత అమెరికా నుంచి, కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే ఒకాయన వచ్చి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. నిమ్మకాయ పులిహోర, చేప వేపుడు చేశాను. వడ్డిస్తుంటే విన్నాను: "ఇంతకుముందు కంపెనీ పెట్టి నష్టపోయావా?" అని అడిగాడు. సార్ మొహం కందిపోయింది. అవునన్నారు. ఆయన చెంచా కింద పెట్టి, "మంచిది, ఆ తప్పు మళ్ళీ చెయ్యవు," అని చెయ్యి చాపాడు. నేను పళ్ళు కోసి తెచ్చేలోపే కంపెనీ అమెరికాలోనేనని ఖాయమైపోయింది. యూరప్ అమెరికాని అందుకుంటుందా అని ఇప్పటికీ టీవీలో వాదించుకుంటూ ఉంటారు. నాకు తెలిసిందల్లా ఆ ఉత్తరమూ, ఆ చాపిన చెయ్యీ.

సాయంత్రం సార్ వంటింట్లోకి వచ్చారు. "మాకోసం ఉపవాసాలున్నావని మేడం చెప్పింది. నీ ప్రార్థన ఫలించింది," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "దేవుడు మంచివాడు సార్," అన్నాను. అందులో అబద్ధమేం లేదు. సింకు వైపు తిరిగి కుళాయి తిప్పాను.

మంచివాళ్ళు వాళ్ళు. నాకు ఇంకో చోటు కోసం మేడం తిరగని ఇల్లు లేదు. ఒక ఇంట్లో శుక్రవారం సెలవుండదన్నారు. మరీ అవసరమైతే ఫోన్లోనైనా మాట్లాడుకోవచ్చు కదా అని, సరే అన్నాను. అంతలో వాళ్ళకి వేరే మనిషి దొరికింది.

నేను ఊరికి వెళ్ళిపోయే ముందు, చివరి శుక్రవారం మెట్ల మీద మా ఆయన అన్నారు, "అయితే అమెరికానే గెలిచిందన్నమాట."

"నేను సరిగ్గా ప్రార్థించలేదేమోనండీ."

"నువ్వొక్కదానివే చేస్తే ఎలాగే? ఆ బ్యాంకోడు కూడా కాస్త చెయ్యాలి కదా!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే బస్సు వచ్చేసింది. "ఊళ్ళో ఎండల్లో తిరక్కు. మందులు మానకు," అంటూనే ఎక్కేశారు. ఆయనకి అవతలి వైపు సీటు దొరికింది. ఇవతలి కిటికీల్లో కనిపించినవన్నీ వేరేవాళ్ళ మొహాలే. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నాకు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.