శాక్సాఫోన్‌కు పూసిన గంధం

మా బ్యాండు మేళం యజమానికి శాక్సాఫోన్ అంటే ఏమిటో చివరిదాకా తెలియలేదు. ఆయన దృష్టిలో అది మెడకు తగిలించుకునే ఇత్తడి బిందె. తళతళలాడితే బాగున్నట్టు, లేకపోతే చెడిపోయినట్టు. అరవైల మొదట్లో నెల్లూరులో ఆయన దగ్గర నాలుగేళ్లు దాన్ని వాయించాను. జరిగింది నేను రాయకపోతే ఆయన చెప్పిందే నిలిచిపోతుంది.

నాకు ఆ వాద్యం నేర్పినవాడు బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే ఒక ముసలి గార్డు. వాయించడం కన్నా ముందు దాన్ని చూసుకోవడం నేర్పాడు. మెడ గొట్టం బిగించేటప్పుడు మీటలు పట్టుకుని మెలితిప్పకూడదు. వాయించడం అయిపోగానే లోపల గుడ్డ లాగి తేమ తీసెయ్యాలి, మన ఉప్పుగాలి ఊళ్లలో మరీను. అన్నిటికన్నా ముఖ్యం మీటల కింద, గొట్టం రంధ్రాలను మూసే తోలు బిళ్లలు. మీట నొక్కితే కొన్ని మూసుకుంటాయి, కొన్ని తెరుచుకుంటాయి. వాటికి జిగురు తగిలితే అతుక్కుపోతాయి, స్వరం పలకదు. అప్పుడు పల్చటి సిగరెట్ కాగితం బిళ్ల కింద పెట్టి మెల్లగా అదిమితే జిగురంతా కాగితానికి వచ్చేస్తుంది. అందుకని అలాంటి కాగితాలు నాలుగు నా పెట్టెలో ఉండేవి. సిగరెట్ మాత్రం ఈనాటికీ నోట పెట్టలేదు.

దసరాకు యజమాని వాద్యాలన్నీ వరసగా పెట్టి పూజ చేసేవాడు. నేను చర్చికి వెళ్లేవాణ్ణే అయినా ఆ పూలదండలు తెచ్చింది నేనే. పూజతో నాకు పేచీ లేదు. డ్రమ్ముకు ఒక్క బొట్టు పెట్టి, శాక్సాఫోన్‌కు మాత్రం ఎన్ని మీటలుంటే అన్ని బొట్లు పెట్టడంతోనే పేచీ.

“అన్నా, ముందున్న ఆ వెడల్పాటి మూతి మీద ఎంత కావాలంటే అంత పెట్టు. మీటల జోలికి పోబాక” అన్నాను.

“మా పూజ సంగతి నీకేం తెలుసయ్యా? దేవుడికి పెట్టింది చెడుపు చేస్తాదా?” అని, నేను చూస్తుండగానే మరో వేలెడు గంధం మెత్తాడు.

ఉన్న కాగితాలన్నీ వాడి, చేతికందినంత తుడిచాను. ఒక బిళ్ల కింద మిగిలిపోయింది.

తర్వాతి నెలలో ముత్తుకూరులో పెళ్లి. మగపెళ్లివారికి ఎదురుకోలు వాయిస్తుంటే, నా ఊపిరి తేమకు ఎండిన గంధం నాని ఆ బిళ్లను పట్టేసింది. పాట మధ్యలో ఆపి, పక్కనే సిగరెట్ కాలుస్తున్న పెళ్లివారి మనిషిని ఒకటి అడిగాను. ఆయన అగ్గిపుల్ల కూడా గీశాడు. వద్దని, పొగాకు దులిపేసి, కాగితం బిళ్ల కింద దూర్చాను. కాగితం పచ్చగా వచ్చింది, స్వరం పలికింది. యజమాని చూసింది మాత్రం నేను చెయ్యి చాచి సిగరెట్ అందుకోవడం ఒక్కటే.

“పెళ్లివోళ్ల దగ్గర సిగరెట్ అడుక్కుంటావా? మేళం పరువు తీసినావు గదయ్యా!”

“కాగితం కోసం అన్నా. నీ గంధమే అతుక్కునింది, చూడు.”

“నీ చెడ్డ అలవాటు గంధం మీదికి తోస్తావా?” అన్నాడు. కాగితం వైపు చూడనైనా లేదు.

డ్రమ్ములవాడు అందుకున్నాడు: “పోనీలే అన్నా. పొగ లోపలికి పోతేనే గదా పాట బయటికొచ్చేది!”

వారం తిరక్కుండా ఆ మాట మా చర్చికి చేరింది. పెద్దలు ఇంటికొచ్చి, నా పొగ అలవాటు పోవాలని మోకాళ్లూని ప్రార్థన చేసి వెళ్లారు. నేను మేళం మానేశాను. అందరి ముందూ “అది గంధమే” అని ఒక్కమాట అంటే తిరిగి వస్తానని యజమానికి కబురు పంపాను. అనలేదు.

మూడేళ్ల తర్వాత ఆయనే శాక్సాఫోన్‌ను నా దగ్గరికి పంపాడు. ఒక స్వరం పలకడం లేదట. రుజువు దొరుకుతుందని తీసుకున్నాను. దొరికింది. అదే బిళ్ల కింద, దసరా మీద దసరా గంధం, గోడకు సున్నం పెచ్చులా. గీకి, సిగరెట్ కాగితంలో పొట్లం కట్టి, మేళమంతా సాధనకు కూర్చున్న వేళ వెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

“ఏందిది?”

“నీ శాక్సాఫోన్‌లోది అన్నా. అన్నేళ్ల గంధం. ఇప్పుడైనా వీళ్లకు చెప్పు.”

పొట్లం విప్పి వాసన చూశాడు. కళ్లకద్దుకుని, చిటికెడు నుదుట పెట్టుకున్నాడు. ఆ తర్వాత మిగిలింది అరచేతిలోకి వంపుకుని, ఖాళీ కాగితాన్ని వెలుగుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, నాకేసి జాలిగా చూశాడు.

“సిగరెట్లు ఇంకా మానలేదా నువ్వు?” అన్నాడు.