అరవై రెండో తప్పు కేకు

ఇంగెలీస ఇరవై రెండేళ్లలో అరవై ఒక్క తప్పు కేకులు పెట్టింది. వాటిలో నిజంగా తప్పు చేసి పెట్టినవి నాలుగు. మిగతా యాభై ఏడూ వెన్నా గుడ్లూ గిలక్కొట్టి, పైన కొబ్బరీ ముదురు రంగు చక్కెరా కాచి పోసిన అబద్ధాలు.

మా కిటికీల ఫ్యాక్టరీలో పద్ధతి అది. పనిలో పొరపాటు చేసిన మనిషి తనంతట తానే ఫ్రిజ్ మీది కాగితంలో పేరు, తప్పు రాసుకోవాలి. శుక్రవారం తొమ్మిదింటి కాఫీకి కేకు తేవాలి. అందరూ తిని, నాలుగు మాటలు అని నవ్వుకుని, ఆ సంగతి మరచిపోతారు. ఒకరి తప్పు ఇంకొకరు చెప్పకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, బందుల బల్ల హెనింగ్ లాంటివాళ్లు దాన్ని కడుపునిండా వాడుకున్నారు.

రేవులో చేపలు కోసే షెడ్డు మూతపడ్డాక ఇంగెలీస ఇక్కడికి వచ్చింది. కత్తికి అలవాటుపడ్డ చేతులు కదా, గాజు బిగించే బల్ల దగ్గర మూడు నెలలు ఒక్క తప్పు దొర్లలేదు. ఆ మూడు నెలలూ కాఫీ బల్ల దగ్గర ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తిట్టలేదు, వెలివెయ్యలేదు, పలకరిస్తే పలికారు. అంతే. ఒక శుక్రవారం హెనింగ్ కప్పులోకి చూస్తూ, దేవుడు ఇంగెలీస వేళ్లకి కూడా కళ్లు పెట్టాడని అన్నాడు. బల్లంతా నవ్వింది. మా దగ్గర మనిషిని పొగిడారంటే ఏదో తేడా వచ్చిందన్నమాట. మెచ్చుకోవాలంటే "అంత పాడేం లేదు" అంటాం, అదే పెద్ద బిరుదు.

పక్క బల్ల యుట్టె ఆ రోజు ఆమెని సైకిళ్ల దగ్గర ఆపింది.

"ఓ కేకు పెట్టవే."

"నేనేం తప్పు చేశానని?"

"చేశావా లేదా అని ఎవరడిగారు? చేశానని రాయి. అందరికన్నా గొప్పదాన్నని నువ్వు అనుకుంటున్నావని వాళ్లంతా అనుకుంటున్నారు. కేకు పెడితే అది పోతుంది."

ఇంగెలీస రబ్బరు పట్టీ తిరగేసి బిగించానని రాసి కేకు పెట్టింది. మరుసటి వారం ఆమె పక్కన మనిషి కూర్చున్నాడు, చక్కెర డబ్బా ఇటు జరపమన్నాడు. ఇంటికి వెళ్తూ ఆమె ఏడ్చింది, సంతోషంతోనే. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కడి నుంచి అదో విద్య అయిపోయింది. నాలుగైదు నెలలకో తప్పు. మరీ పెద్దదైతే కొనుక్కున్నవాళ్లకి నష్టం, మరీ చిన్నదైతే నమ్మరు. మధ్యస్థంగా ఉండాలి, కాస్త నవ్వు రావాలి. ఒకసారి గాజు మీద తన బొటనవేలి ముద్ర అలాగే వదిలేశానంది. ఇంకోసారి కొలత టేపు చట్రంలో పెట్టి మూసేశానంది. చెప్పింది మళ్లీ చెప్పకుండా ఇంట్లో కేలెండరు వెనక రాసుకునేది. నిజానికి ఆమెకి అందరికన్నా ముందు పని అయిపోయేది, అయినా స్క్రూ డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ మూడో నాలుగో స్థానంలో చేతులు కడుక్కునేది. మీటింగులో జవాబు తెలిసినా ఇంకొకరు చెప్పేదాకా గోడవైపు చూసేది.

వీటన్నిటికీ మించి హెనింగ్ పని ఒకటి. హెనింగ్ కిటికీ రెక్కలకి బందులు బిగిస్తాడు, అవి అతని బల్ల మీంచి నేరుగా ఇంగెలీస దగ్గరికి వస్తాయి. వారానికి మూడైనా కుడివైపు ఉండాల్సిన బందులు ఎడమవైపు ఉండేవి. ఆమె గాజు పెట్టేముందు మాట్లాడకుండా విప్పి, మార్చి, మళ్లీ బిగించేది. అతనికి తెలుసు. ఒకటి రెండుసార్లు ఆమె మారుస్తుంటే నిలబడి చూశాడు కూడా. ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. హెనింగ్ పేరు ఆ కాగితం మీద ఒక్కనాడూ ఎక్కలేదు. వచ్చిన కేకుల్లో పెద్ద ముక్క మాత్రం అతనిదే.

ఇరవై రెండో ఏడు వచ్చేసరికి ఇంగెలీస కుడి భుజం అరిగిపోయింది. శరదృతువులో ఐదు వారాలు ఇంట్లోనే ఉంది. గాజు పలకలు ఎత్తే పని ఇంకో ఏడాది చేస్తే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పింది. అప్పుడే చివరి తనిఖీ గదిలో ఉండే ముసలి ఐలర్ రిటైరవుతున్నాడని తెలిసింది. కుర్చీలో కూర్చుని, ప్రతి కిటికీనీ తెరిచి మూసి చూసి, ముద్ర వెయ్యాలి. ఎత్తాల్సింది లేదు. నిజం చెప్పాలంటే ఆ పని ఆమె ఇరవై రెండేళ్లుగా చేస్తూనే ఉంది, ముద్ర ఒక్కటే లేదు. అది దక్కకపోతే ఆమె ఇంటికే. ఆమె దరఖాస్తు పెట్టింది. హెనింగూ పెట్టాడు.

మేనేజరు ప్రేబెన్ తన గదికి పిలిచి, కాఫీ పోసి, సొరుగులోంచి కాగితాల కట్ట తీశాడు. ఫ్రిజ్ మీది పాత కాగితాలు. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి చదివి నవ్వించాలని ఏళ్లతరబడి దాచాడట.

"నువ్వంటే అందరికీ ఇష్టం ఇంగెలీసా, అది నీకూ తెలుసు," అన్నాడు. "కానీ ముద్ర వేసే మనిషి చెయ్యి జారకూడదు కదా. నీవి అరవై ఒకటి ఉన్నాయి. హెనింగ్‌వి ఒక్కటీ లేదు."

ఆమె ఆ కట్ట వైపు చూసింది. ఏమని చెబుతుంది? అవన్నీ అబద్ధాలంటే, ఇన్నాళ్లూ నాటకమాడావా అంటారు. హెనింగ్ తప్పులు చెబితే, ఒకరి తప్పు ఇంకొకరు చెప్పకూడదన్న నియమం తప్పినట్టు. సరేనంది. కాఫీ బాగుందని కూడా అంది. బయటికొచ్చి బట్టల గదిలో తన అలమర తలుపుని గట్టిగా తన్నింది, చెప్పు ఊడిపోయింది. ప్రేబెన్ మీద కోపం, హెనింగ్ మీద కోపం. అన్నిటికన్నా ఎక్కువగా, చక్కెర డబ్బా జరపమన్నందుకు ఏడ్చిన ఆ పాత ఇంగెలీస మీద కోపం.

హెనింగ్ తనిఖీ గదిలోకి మారి పది రోజులు కాకముందే ఒక లారీ వెనక్కి వచ్చింది. చలికాలం సెలవుల్లో ఒక బడికి బిగించిన నలభై కిటికీలు. బందులన్నీ తప్పువైపు. విడివిడిగా తెరిస్తే తేడా తెలియదు కాబట్టి ఐలర్ ముద్ర వేసేశాడు. పక్కపక్క కిటికీలు రెండూ తెరిస్తే రెక్కలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ప్రేబెన్ ఎవరినీ ఏమీ అనలేదు, మా దగ్గర అనరు. ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించి వెళ్లిపోయాడు. రెండు రోజులు అది తెల్లగానే ఉంది. కాఫీకి వచ్చినవాళ్లు ముందు కాగితం వైపు చూశారు, తర్వాత ఇంగెలీస వైపు చూశారు. ఆ కిటికీలు తయారైన ఐదు వారాలూ ఆమె భుజానికి ఐసు కట్టుకుని ఇంట్లో పడుకుంది. ఆ సంగతి ఒక్కరికీ గుర్తులేదు. తప్పు అనగానే వాళ్లకి గుర్తొచ్చే మొహం ఒక్కటే.

గురువారం హెనింగ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ పేరు రాసెయ్యరాదూ?"

"ఏం రాయను?"

"ఆ నలభై. నువ్వైతే ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లకి అలవాటే. నేను కొత్తగా ఆ గదిలోకి వెళ్లాను. ఇప్పుడు నా పేరు ఎక్కితే బాగుండదు."

బెదిరించలేదు, బతిమాలలేదు. గొడుగు అరువడిగినట్టు అడిగాడు. అదే ఇంగెలీసకి కోపం నెత్తికెక్కించింది. చేతిలో ఉన్న గాజు పలకని మెల్లగా కింద పెట్టింది, లేకపోతే పగిలేది.

"కేకు నేనే తెస్తాలే," అంది.

శుక్రవారం పెద్ద పళ్లెం నిండా తెచ్చింది. బల్ల చుట్టూ అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ప్రేబెన్ కూడా వచ్చి కూర్చున్నాడు. హెనింగ్ అప్పుడే పెద్ద ముక్క ఏదో కంటితో చూసుకున్నాడు. ఇంగెలీస కత్తి పట్టుకుని నిలబడింది.

"ఇది నా అరవై రెండో కేకు," అంది. "దీని తప్పు చెబుతాను. ఇంతకుముందు యాభై ఏడు కేకులు చెయ్యని తప్పులకి పెట్టాను, మీరు నా పక్కన కూర్చోవాలని. అదే నేను చేసిన తప్పు. ఇది దానికి."

యుట్టె మొహం ఎర్రబడింది.

"అంటే ఇన్నేళ్లూ మమ్మల్ని చూసి లోపల నవ్వుకున్నావన్నమాట."

"నేర్పింది నువ్వే కదా యుట్టె, సైకిళ్ల దగ్గర."

ప్రేబెన్, మరి ఆ నలభై కిటికీలు ఎవరివని అడిగాడు.

"శరదృతువులో నేను లేను, నా సెలవు రోజులు నువ్వే రాసుకున్నావు, చూసుకో. మిగతాది నేను చెప్పకూడదు. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి కదా. వచ్చే శుక్రవారం దాకా చూద్దాం."

ఆమె ఒక ముక్క కోసుకుని, కూర్చుని, తినడం మొదలుపెట్టింది. ఇంకెవరూ ముట్టుకోలేదు. పళ్లెం అలాగే ఇంటికి వెళ్లింది.

తర్వాతి శుక్రవారం కేకు రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. కాగితం తెల్లగా వేలాడుతూనే ఉంది. పదిహేనుమంది ఉత్త కాఫీ తాగుతూ, ఎవరూ ఏమీ అనకుండా, ఈసారి హెనింగ్ వైపు చూశారు. మూడో సోమవారం అతను తనంతట తానే బందుల బల్లకి తిరిగి వెళ్లాడు. అయినా కేకు మాత్రం పెట్టలేదు. ఆ మధ్యాహ్నం ప్రేబెన్ తనిఖీ ముద్ర తెచ్చి ఇంగెలీస బల్ల మీద పెట్టాడు. క్షమించమని అనలేదు. ఆమె థాంక్స్ చెప్పలేదు.

ఇప్పుడు ఆమె తనిఖీ గదిలో కూర్చుంటుంది. హెనింగ్ బందులు తప్పుగా వస్తే విప్పదు, మార్చదు. ఎర్ర చీటీ అంటించి, పేరుతో సహా వెనక్కి పంపుతుంది. అందరికన్నా ముందు పని ముగించి, అందరికన్నా ముందు చేతులు కడుక్కుని, తొమ్మిదింటికి కాఫీకి వెళ్తుంది. ఆమె పక్క కుర్చీ మళ్లీ ఖాళీగా ఉంటోంది. మొదటి రెండు వారాలు దానివైపు చూసేది. ఇప్పుడు తన సంచీ దాని మీద పెట్టుకుంటోంది.