వంద సంతకాల ప్రెసిడెంటు

ఒక్క ఫోన్ కాల్‌తో సొంత పెద్దబాపు పదవి ఊడగొట్టిన ఘనత నాది. ఆ పదవి ఆయనకు రాకముందే ఊడగొట్టాను, అది ఇంకా పెద్ద ఘనత.

అప్పట్లో నేను జగిత్యాలలో గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాను. కూర ఎలా ఉందని అడిగినా అధికరణం నంబరు చెప్పే రోజులు. గొల్లపల్లి నుంచి పెద్దబాపు, అంటే మా నాన్న అన్న, ఫోన్ చేశాడు.

“బిడ్డా, ప్రెసిడెంట్‌గ నిలవడాలంటె ఏమేం ఉండాలె?”

ఆయన అడిగింది ఊళ్లో గీత కార్మికుల సంఘం ప్రెసిడెంటు గురించి. అది ఆయన పదేళ్ల కోరిక. నాకు మాత్రం ప్రెసిడెంటంటే రాష్ట్రపతే.

“ముప్పై ఐదేండ్లు నిండాలె పెద్దబాపు.”

“నాకు యాభై ఎనిమిది. ఇంక?”

“లాభం అచ్చే సర్కారు పదవి ఉండొద్దు.”

“తాళ్లెక్కుట్ల లాభమెక్కడిది బిడ్డా. ఇంక?”

“యాభై మంది నీ పేరు ప్రతిపాదించాలె. ఇంకో యాభై మంది బలపరచాలె.”

“మనోళ్లున్నదే అరవై మంది. వంద మందిని ఏడికెల్లి తేవాలె?”

“గంత పెద్ద పదవి ఊకెనే అస్తదా?” అన్నాను. ఎవరా అరవై మంది అని అడగాలని నాకు తోచలేదు.

నామినేషన్లకు మూడు రోజులే గడువు. పెద్దబాపు బండేసుకుని కోరుట్లలో వియ్యంకుడి చుట్టాలను, సిరిసిల్లలో పాత దోస్తులను పట్టుకుని సంతకాలు పెట్టించాడు. నూరో సంతకం ఆఖరి రోజు సిరిసిల్లలో దొరికింది. గొల్లపల్లి చేరేసరికి గడువు దాటి ఇరవై నిమిషాలు.

ఎన్నికల అధికారి ఆ కాగితాల కట్ట తిరగేసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడట.

“ఒక్కలు పేరు చెప్పి, ఇంకొక్కలు బలపరిస్తే సరిపోతుండె గదా. ఢిల్లీ లెక్క గిదంత ఏంది? టైం గూడ అయిపాయె.”

నామినేషన్ వేసిన ఇంకో మనిషి పోటీ లేకుండా గెలిచాడు. సంగతి తెలిసి సిగ్గుతో నాకు అన్నం సయించలేదు. ఊరికి వెళ్లి పెద్దబాపు ఎదుట నిలబడ్డాను.

“తప్పయింది పెద్దబాపు. నేను చెప్పింది రాష్ట్రపతికి.”

ఆయన ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మంచిదే. నీ లెక్కన నాకు అన్ని అర్హతలున్నయి, వంద సంతకాలున్నయి. ఇగ ఢిల్లీకే పంపు.”

ఆ వంద మందీ ఎంపీలో ఎమ్మెల్యేలో అయ్యుండాలని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందుకే అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు ప్రెసిడెంటు గురించి అడిగినా, ఏ ఊరి ప్రెసిడెంటో తెలుసుకున్నాకే నోరు విప్పుతాను.