అడిగిన చోటును బట్టి జవాబు

ఆదివారం పొద్దున్నే నాంపల్లి నుంచి మేడమ్ వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. మేడమ్ దవాఖానలోనే పోయారట. ఆఫీసులో మా అందరికీ పని నేర్పిన మనిషి. నాకైతే ప్రశ్న అడగడం నేర్పిన మనిషి.

ఆబిడ్స్‌లో మెట్లెక్కి వెళ్లే చిన్న ఆఫీసు మాది. డీబగ్గర్ తయారుచేస్తాం. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఏ విలువ ఎంతుందో అడిగి తెలుసుకునే పనిముట్టు అది. చిక్కల్లా ఒకే ప్రోగ్రాములో సి, పైథాన్ లాంటి రెండు మూడు కంప్యూటర్ భాషలు కలిసి ఉండడం. చేరిన కొత్తలో ఏడును రెండుతో భాగించమంటే సి భాగంలో భిన్నం వదిలేసి మూడు అంది, పైథాన్ భాగంలో మూడున్నర అంది. పనిముట్టు చెడిందని తేల్చేసి, రెండుచోట్లా మూడున్నరే వచ్చేలా మార్చబోయాను. మేడమ్ కుర్చీ లాక్కొని పక్కన కూర్చున్నారు.

"రెండూ నిజమే. నువ్వు ఏడ నిలబడి అడిగినవో గాడి లెక్కల చెప్తున్నది."

ఆ సాయంత్రం నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లారు. సీతాఫలాలు ఎంతని ఒక దుకాణంలో ఉర్దూలో, పక్కదానిలో తెలుగులో అడిగారు. ఒకాయన డజను ధర చెప్పాడు, ఇంకొకాయన కిలో ధర. ఏది చౌకో చెప్పమని నన్ను నిలదీశారు. నేను కిలోకు ఎన్ని తూగుతాయోనని వేళ్లు లెక్కపెట్టాను. ఆమెకు భలే సరదాగా ఉంది. పండ్లు మాత్రం కొనలేదు, ఐస్‌క్రీమ్ తినిపించారు.

ఈ మధ్య మా ఇద్దరికీ ఒక పేచీ. సి భాగంలో ఉండగా రాసిన ప్రశ్నను తెర మీద అలాగే ఉంచితే, ప్రోగ్రాము పైథాన్‌లోకి దాటాక దాన్ని ఏ భాషలో చదవాలి? నెలాఖరుకు కొత్త వెర్షన్ వెళ్లాలి. మేం తప్పుగా తేలిస్తే వాడేవాళ్లు లేని తప్పు కోసం ప్రోగ్రామంతా గాలిస్తారు. రాసినప్పటి భాషే ఉండాలన్నాను. మేడమ్ ఎటూ అనకుండా రోజుకో కొత్త ఉదాహరణ తెచ్చి నా వాదనను కూలగొట్టేవారు. నాకు ఒళ్లు మండేది. దవాఖాన నుంచి కూడా ఫోన్ చేసి, తేలిందా అని అడిగారు. లేదన్నాను.

"ఫికర్ చెయ్యకు. నేనొచ్చినంక ఇద్దరం కూసొని జర చూద్దాం."

రాలేదు. తేల్చాల్సింది నేనే అయింది. ప్రశ్న తన భాషను వెంట తీసుకెళ్లాలనీ, ఆ భాష పేరు పక్కనే కనబడాలనీ రాశాను.

నిన్న నడిపి చూశాను. ప్రోగ్రాము పైథాన్‌లోకి దాటింది. ఏడును రెండుతో భాగించమన్న నా ప్రశ్న మాత్రం పక్కన ‘సి’ అని పెట్టుకొని మూడు దగ్గరే నిలబడింది. నేను గెలిచాను. ఎందుకు గట్ల అని అడిగేవాళ్లు లేరు. ఎవరో ఒకరు అడుగుతారేమోనని తెర ఆర్పకుండా చాలాసేపు కూర్చున్నాను.