పిచ్చుక కాలికి దారం

మన నేతపనివాళ్లు వలసొచ్చి బతికే ఉధ్నాలో, బస్టాపు రేకు అంచున ఒక పిచ్చుక తలకిందులుగా వేలాడుతూ కొట్టుకుంటోంది. గూటికోసం తెచ్చుకున్న పాలిస్టర్ దారమే దాని కాలికి చుట్టుకుంది. బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ బెంచీ ఎక్కి, మగ్గం దగ్గర పోగు కొరికినట్టే ఆ దారాన్ని పంటితో కొరికి పిచ్చుకను దించింది. పక్కనే బస్సు కోసం నిలబడ్డ నా అరచేతిలో పెట్టింది. కాలు అప్పటికే నల్లబడింది.

అంతలో మరమగ్గాల షెడ్డులోంచి వచ్చిన ఒకతను, నూనె చేతులు తుడుచుకున్న దారపు ఉండను రోడ్డు మీదికి విసిరాడు.

"ఏంది తమ్మీ గిది? గీ పిట్ట కాలు సూడు!" అందామె.

"దారమే గదక్కా! పిట్టలు గూడు కట్టుకుంటయ్ తియ్."

పుణ్యం చేసినట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఆ ఉండ తీసి, అందులోంచి ఒక పోగు లాగి అతని వేలికి బిగించి చుట్టింది.

"రెండో చెయ్యి పెట్టకుండ జర తెంపుకో. పిట్టకు చేతులున్నయా?"

అతను విదిలించాడు. పోగు ఇంకా కోసుకుంది. ఇంతలో బస్సొచ్చింది. ఆమె నా చేతిలోని పిట్టను తీసుకుని కొంగులో పొదువుకుని, దారపు ఉండ సంచిలో వేసుకుని ఎక్కేసింది.

అతను పోగును పళ్లతో కొరుక్కుని, ఆ ముక్కను తుపుక్కున మళ్లీ రోడ్డు మీదే ఉమ్మాడు. వేలి మీద ఎర్రటి గాటు ఇంకా పోనే లేదు.