మంచం కింద పుల్ల బీరు

అరకు కొండను తొలిచి, ఆ గుహలో బెల్జియం రకం పుల్ల బీరును ఏడేళ్లు మాగబెట్టిన మొనగాణ్ని నేనొక్కణ్నే.

సరే, ఏడేళ్లు కాదు, మూడు. గుహ అంటే మా నులక మంచం కింద, పసుపు కొమ్ముల బస్తా పక్కన.

మా ఇంట్లో రెండు గదులు టూరిస్టులకు అద్దెకిస్తాం. సొంతంగా బీరు తయారుచేసే బెంగళూరు అబ్బాయి ఒకడు వచ్చి దిగాడు. కాఫీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేశానని అతనికి చెప్పాను. చేసింది బస్తాల మూతులు కుట్టడం. నమ్మేశాడు పాపం. చెర్రీ పళ్లు వేసి పులియబెట్టిన సీసాలు మూడు, ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు.

"తాతగారూ, ఏడాదికొకటి తెరిచి, రుచి ఎలా మారిందో రాసిపెట్టండి. మూడోది నేనొచ్చాక తాగుదాం. మీ రాతను బట్టే నా దగ్గరున్న మిగతా సీసాలు దాచాలో అమ్మేయాలో తేల్చుకుంటాను."

అతనెక్కిన రైలు టైడా స్టేషను దాటకముందే మొదటిది తెరిచాను. ముందు చెర్రీ పలకరించింది, వెనకే పులుపు వచ్చి పళ్లు జివ్వుమనిపించింది. మా జీలుగు కల్లు పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు. ఆ మార్పు దీనికి ఏళ్లమీద వస్తుందట. అంత ఓపిక నాకెక్కడిది? రెండోది వారం తిరక్కుండానే అయిపోయింది.

రెండో ఏడు వచ్చింది. ఏం రాయను? అరుగు మీద కూర్చుని పెన్సిల్ కొరుకుతుంటే ఒక మాట చెవినపడింది. రాసేశాను: 'పండు పోయింది, టెంక మిగిలింది.' దాని పక్కన నా సొంతంగా 'పులుపు మెత్తబడింది' అని చేర్చాను.

మొన్న ఆ అబ్బాయి వచ్చాడు. మూడో సీసా బిరడా తీశాడు. రాత తప్పని ఒక్క గుక్కలో తెలిసిపోతే నా కాఫీ ఉద్యోగం కూడా ఊడిపోయినట్టే.

ఎరుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. చెర్రీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. దాని గింజ కొరికినట్టు సన్నని చేదు. పులుపు పళ్ల మీదకి దూకడం మానేసి, మింగాక తీరిగ్గా నాలుక కింద ఊరింది. ఆఖర్న మేకల పాక వాసన. అదీ బాగానే ఉంది.

అబ్బాయి గ్లాసు దించి నోటుబుక్కు పైకి చదివాడు. మళ్లీ ఒక గుక్క తాగి, మళ్లీ చదివాడు.

"తాతగారూ, అచ్చం ఇదే! మిగతావన్నీ దాచేస్తాను. ఈ ముక్క లేబుల్ మీద వేయిస్తాను, మీ పేరుతో!"

నేను మీసం దువ్వుకున్నాను. గుమ్మంలో అల్లం చెక్కు తీస్తున్న మా ఆవిడ తలెత్తింది.

"లేబులేటి బాబూ? అది బీరు మాట కాదు. రెండో సీసా వారంలోనే తాగీసినాడు. పెన్సిల్ నాకుతా కూకున్న ఈ ముసిలోడ్ని సూసి నానన్న మాటది. పులుపు మెత్తబడ్డాదని మాత్రం నానన్నేదు."